సిగ్నల్ లేకుండా కదిలిన కాయ

రమణమూర్తి పక్కింటి చిట్టెమ్మని చూసి కుళ్ళుకుంటున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీలో జీవితమంతా క్రేన్ నడిపిన మనిషి లూడో ఆటలో చోటు కోసం కుళ్ళుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి? కానీ కుళ్ళు కుళ్ళే. రిటైరై కంచరపాలెం ఇంట్లో కూర్చున్నాకే ఆయనకి తెలిసింది, తను షిఫ్టుల్లో తిరిగిన ఇన్నేళ్ళూ ఇంట్లో ఒక ఆట నడుస్తోందని. సాయంత్రం టీ తాగగానే భార్య సన్యాసమ్మ, కోడలు హేమశ్రీ, మనవరాలు యశస్విని, చిట్టెమ్మ చాప మీద చేరిపోతారు. నాలుగు రంగులు, నలుగురు మనుషులు. ఆయనకి మిగిలేది టీవీ రిమోటు.

ఆ వారం చిట్టెమ్మ కూతురి పురిటికని భీమిలి వెళ్ళింది. నీలం కాయలు ఆడే మనిషే లేకుండా పోయింది.

"తాతని కూకోబెడదాం నానమ్మా," అంది యశస్విని.

"సూద్దాం. బాగా ఆడితే ఉంచుదాం. లేపోతే సిట్టెమ్మొచ్చేదాకా ఆట ఆపీద్దాం," అంది సన్యాసమ్మ.

రమణమూర్తి రిమోటు పక్కన పడేసి గబగబా చాప మీద చేరాడు. "లూడోయే కదేటి, నానేటి సిన్నపిల్లోడినా?" అన్నాడు.

యశస్విని నేర్పింది. ఆరు పడితే కాయ బయటికొస్తుంది. ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి సరిగ్గా చేరితే దాన్ని చంపొచ్చు. చుట్టూ తిరిగి మధ్యలోకి వెళ్తే పండు. ఆయనకి ఆరు పడనే పడింది. కాయ మీద వేలు పెట్టి, అందరి మొహాలూ చూస్తూ ఉండిపోయాడు.

"కదుపు తాతా!"

"సెప్పండి మరి, కదపనా?"

క్రేన్ మీద కూర్చునేవాడి అలవాటది. కింద నిలబడి సిగ్నల్ ఇచ్చే ఖలాసీ చెయ్యి ఊపితేనే కదలాలి, అరచెయ్యి చూపిస్తే ఆగిపోవాలి. కొక్కేనికి సలసల కాగే ఉక్కు వేలాడుతుంటే సొంత తెలివి వాడితే కొంప మునుగుతుంది. ఆయన హయాంలో కింద ఎవరికీ చిన్న గాయం కాలేదు. ఆ ఒళ్ళే ఇప్పుడు లూడో ముందు కూర్చుంది.

సన్యాసమ్మ ఇది ఇట్టే పసిగట్టింది. ఆయన వంతు వచ్చినప్పుడల్లా తనే చెయ్యి ఊపడం మొదలెట్టింది. ఆయన బుద్ధిగా ఆవిడ చూపించిన కాయే కదిపాడు. రోజూ ఆవిడ పసుపు కాయలు హాయిగా పండాయి, ఆయన నీలం కాయలు వరసపెట్టి చచ్చాయి.

"అత్తయ్యా, ఇది అన్యాయం," అంది హేమశ్రీ నవ్వాపుకుంటూ.

"ఏటి సేత్తాను? మీ మావయ్యది కూడా నానే ఆడతన్నాను. ఇసుగొచ్చీసింది. రేపు సిట్టెమ్మొచ్చీత్తాది, ఈ మనిషికి టీవీయే మేలు."

ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. సొంతింట్లో తనకి టీవీ ముందు కుర్చీ తప్ప ఇంకేం లేదా అని ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు సన్యాసమ్మ ఆఖరి పసుపు కాయ పండడానికి కాస్త దూరంలో ఉంది. వెనకాల రమణమూర్తి నీలం కాయ. ఆయన పాచిక వేశాడు. నాలుగు. సన్యాసమ్మ వెంటనే అరచెయ్యి చూపించి, ఇంకో కాయ కదపమని సైగ చేసింది.

ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత తల దించి, పెదాలు కదుపుతూ గళ్ళు లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ ఆ అరచెయ్యి చూశాడు. నీలం కాయ తీసి, నాలుగు గళ్ళు నడిపించి, పసుపు కాయని ఠపీమని పడగొట్టాడు.

యశస్విని కేక వీధి చివరిదాకా వినిపించింది.

"ఆగమన్నాను కదా మావా!" అంది సన్యాసమ్మ.

"అన్నావు. నాను ఆగలేదు," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చిట్టెమ్మ. "వొచ్చీసినానోలమ్మా, నా నీలం కాయలేవీ?"

రమణమూర్తి మోకాళ్ళు పట్టుకుని లేవబోయాడు. సన్యాసమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగేసింది.

"నా కాయని సంపీసి ఎక్కడికెల్తావు, కూకో. సిట్టెమ్మా, నువ్వు నా పక్కకొచ్చీయే, మనిద్దరం ఒక జట్టు. ఈ మనిషిని ఓడించీదాకా నాను ఊరుకోను. రేపు కూడా ఇక్కడే కూకుంటాడు."