ఇంకొకడు

ఎడమకాలు నొక్కితే గాజుపలక దిగి పుటను చదును చేస్తుంది. కుడికాలు నొక్కితే కెమెరా మెరుస్తుంది. ఎడమకాలు వదిలితే గాజు లేస్తుంది. అప్పుడు పుట తిప్పాలి. సరోజన ఆ ఉదయం నూట నలభై మూడోసారి పుట తిప్పుతుండగా కిటికీ అవతల మంచు మొదలైంది.

ఆమె తలెత్తలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బక్కపలుచని ఒళ్ళు, నెరిసిన జుట్టు బిగించి కట్టిన చిన్న ముడి, స్వెట్టరు చేతులు మోచేతుల దాకా మడిచి రెండు పిన్నీసులు. వేళ్ళు మాత్రం వయసుకు మించి నున్నగా ఉంటాయి. రెండు శతాబ్దాల నాటి కాగితం చెమటను ఓర్చుకోదు కనుక గంటకోసారి చేతులు కడిగి, తుడిచి, ఆరబెట్టుకోవాలి. క్రీము రాయకూడదు. గాజులు, ఉంగరం, వాచీ పొద్దున్నే లాకరులో పెట్టేయాలి. కాలి మెట్టెలు కాగితానికి తగిలేవి కావు కనుక వాటి గురించి నిబంధన లేదు. మేజోళ్ళ కింద అవి అలాగే ఉంటాయి.

కెనడాలోని నార్త్ యార్క్‌లో ఒక పాత ఆఫీసు భవనం రెండో అంతస్తులో ఆ కంపెనీ ఉంది. పాత రికార్డులను ఫోటోలు తీసి కంప్యూటర్లలోకి ఎక్కించడం దాని పని. ఆరేళ్ళుగా సరోజన ఏజెన్సీ తరఫున రోజుకూలీలా ఇక్కడ పుటలు తిప్పుతోంది. మిల్టన్‌లో తను అద్దెకుండే హైమావతిగారి ఇంటి బేస్‌మెంట్ నుంచి చీకట్లోనే బయలుదేరి, రైలెక్కి, సబ్‌వే మారి వస్తుంది. పద్నాలుగేళ్ళ కిందట ఒకరి పిల్లలను చూసుకునే పని మీద ఈ దేశం వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఈమె ఇక్కడ తేలింది.

ఇవాళ బల్ల మీదున్నది తోలు అట్ట వేసిన లావుపాటి రిజిస్టరు. హాలిఫాక్స్ రేవులో ఓడలకు బీమా చేసిన ఒక ఆఫీసు వాళ్ళది. 1809 నుంచి 1814 దాకా మునిగిన ఓడలు, మొత్తం మూడు వందల ఎనభై ఆరు పుటలు. ఓడ పేరు, కట్టిన ఊరు, కెప్టెన్ పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏం సరుకు, ఏమైంది. చివరి గడిలో సాధారణంగా ఒకే వాక్యం ఉంటుంది: 'అందరితో సహా పోయింది.' లేదా, 'ఆ తర్వాత కబురు లేదు.'

చదవడం ఆమె పని కాదు. "చదవకండి ఆంటీ, తిప్పండి. చదివితే స్పీడ్ పడిపోతుంది," అని సూపర్‌వైజర్ అనంత్ మొదటి వారంలోనే చెప్పాడు. కానీ ఆరేళ్ళలో ఆ గొలుసుకట్టు రాత ఆమెకు చాకలిపద్దులా అలవాటైపోయింది. ముఖ్యంగా 'కబురు లేదు' అన్నచోట ఆమె కుడికాలు ఒక్క క్షణం ఆలస్యంగా దిగేది.

అనంత్ గబగబా వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళ హైదరాబాద్ కుర్రాడు. మెడలో ఐడీ కార్డు ఎప్పుడూ వెనక్కి తిరిగే ఉంటుంది.

"ఆంటీ, ట్రక్కు నాలుగింటికి కాదు. స్నో స్టార్మ్ వార్నింగ్ ఇచ్చారు కదా, ఒంటిగంటన్నరకే వచ్చేస్తుందట. ఒంటిగంటకల్లా అయిపోతుందా?"

"అయిపోద్దండి."

"అయిపోవాలి. ఈ రిజిస్టర్ కోల్డ్ స్టోరేజ్‌కి పోతుంది. సీల్ వేస్తే మళ్ళీ ఎప్పటికి తీస్తారో. ఇక అందరూ చూసేది మన ఇమేజెస్సే." ఒక కవరు బల్ల చివర పెట్టాడు. "ఇంకోటి. మీది పర్మనెంట్ చేశారు. బెనిఫిట్స్ ఫారం ఇది. సాయంత్రంలోగా ఫిల్ చేసి ఇచ్చేయండి. కంగ్రాట్స్!"

సరోజన కవరు వైపు చూసి, నవ్వి, తడి లేని వేళ్ళను మళ్ళీ ఒకసారి తుడుచుకుంది. ఆరేళ్ళు. ఇక ఏ శుక్రవారమూ, సోమవారం పని ఉందో లేదోనని ఏజెన్సీకి ఫోన్ చేయనక్కర్లేదు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు. ఎడమకాలు, కుడికాలు.

పక్క బల్ల మీద విడి కాగితాలు సర్దే అమృత వరంగల్ పిల్ల. కాలేజీలో చదువుకుంటూ వారానికి మూడు రోజులు వస్తుంది.

"ఆంటీ! పర్మనెంట్ అంటే పార్టీ పక్కా. పప్పుచారు, వంకాయ, గంతే. ఇంకేం అడుగుతలేను."

"చేస్తానులే తల్లీ. పని చూసుకో."

"ఆ ఫారంల అంకుల్ పేరు కూడా రాయాలె, తెలుసా? ఆయనకు సుత మందులు, కళ్ళద్దాలు ఫ్రీ. ఇగ పిలిపియ్యండి ఆయన్ని. ఎన్నేళ్ళు తిరుగుతడు ఆ సముద్రం మీద?"

ఒకసారి బూట్లు మార్చుకునే గదిలో అమృత ఆమె మెట్టెలు చూసింది. 'అంకుల్ ఎక్కడుంటడు?' అని అడిగితే సరోజన, 'సముద్రం మీద,' అంది. ఆయనేదో పెద్ద ఓడలో ఉద్యోగమనుకుంది అమృత. సరోజన దిద్దలేదు. ఆమె చెప్పింది అబద్ధమూ కాదు.

శ్రీరాములు తాళ్ళరేవులో పడవలు బాగుచేసే వడ్రంగి. సరోజన తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఒకనాడు, సరుకు ఎక్కించుకుని బయలుదేరుతున్న పడవలో నీళ్ళు ఊరుతున్నాయంటే ఉలీ సుత్తీ పట్టుకుని వెళ్ళాడు. పలకల సందులో నూలు కూరి, మైనం పట్టించేసరికి ఆటు మొదలై, పడవ కదలాల్సిన వేళైంది. వంటవాడు రాలేదు, నువ్వు రారాదా, నాలుగు రోజులేగా అన్నారట. వెళ్ళాడు. మూడో రోజు గాలివాన. పడవ తిరిగి రాలేదు. పడవ యజమాని ఇచ్చిన లిస్టులో పదకొండు పేర్లున్నాయి. శ్రీరాములు పేరు లేదు.

ఏడాది తిరిగాక పెద్దవాళ్ళు వచ్చి చేయవలసినవి చేద్దామన్నారు. సరోజన గడప దాటనివ్వలేదు. "పోయినోళ్ళ లిస్టు మీరే చూపించారు. అందులో ఆయన పేరుందా? లేనప్పుడు ఎలా పోతారు?" అంది. ఎక్కాడన్నది చెప్పుకున్న మాట. లిస్టు కాగితం. ఆ కాగితాన్ని పట్టుకునే ఇన్నేళ్ళు నడిచింది. రేవు దగ్గర టీకొట్టులో ఆమె ఫోన్ నంబరు గోడకు రాసి ఉంటుంది. తక్కువలో వస్తుందని ఎవరెన్ని ప్లాన్లు చెప్పినా కెనడా వచ్చాక ఆ నంబరు మార్చలేదు.

పదకొండున్నరకు రెండు వందల తొంభై పుటలు అయ్యాయి. కిటికీలో ఎదురు భవనం కనిపించడం మానేసింది. పుటకు గుచ్చి ఉన్న తుప్పు గుండుసూది ఒకటి తీసి, బల్ల మీది చిన్న రేకుడబ్బాలో వేసింది. ఆరేళ్ళుగా తీసిన సూదులన్నీ అందులోనే ఉన్నాయి. పారేయమని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

మూడు వందల పన్నెండో పుట. 1811 డిసెంబరు. ఓడ కట్టిన ఊరు అన్న గడిలో, కోరంగి.

కుడికాలు ఆగిపోయింది. కోరంగి తాళ్ళరేవుకు కూతవేటు దూరం. ఆమె తండ్రి, ఆయన తండ్రి అక్కడి మడచెట్ల మధ్యే దుంగలు చెక్కారు. కలకత్తా నుంచి లండన్, అక్కడి నుంచి హాలిఫాక్స్. మంచు తుఫానులో రాళ్ళకు కొట్టుకుని పోయింది. కెప్టెన్ పేరు, అతని కింది అధికారులు ఇద్దరు మేట్ల పేర్లు వరసగా ఉన్నాయి. ఆ కింద: 'లాస్కర్లు, ఇరవై ఆరుగురు.' మన తీరం నుంచి తీసుకెళ్ళిన ఓడపనివాళ్ళను వాళ్ళు అలా రాసేవారు. పేర్లుండవు.

గాజు దించి, ఆలస్యంగా కుడికాలు నొక్కింది. పుట కిందిభాగం సరిగా చదును కాలేదు. అక్కడ అరచేయంత కాగితం అతికించి ఉంది, చిరుగుకు వేసిన మాసికలా. సరోజన గాజు లేపి వేలికొస మెల్లగా ఆనించింది. పడవ పలకల మీద తండ్రి ఇలాగే వేళ్ళతో తట్టేవాడు. లోపల గాలి ఉంటే చెక్క వేరేగా పలుకుతుందనేవాడు. ఇది మాసిక కాదు. మడత. లోపల ఇంకో పొర ఉంది.

నిబంధన ఆమెకు కంఠతా వచ్చు. తనంత తానుగా లేవని మడతను లేపకూడదు. రిజిస్టరు సొంతదారుల రాతపూర్వక అనుమతి కావాలి. లేపిన ఆపరేటరును పని నుంచి తీసేస్తారు. రెండేళ్ళ కిందట ఒకతన్ని తీసేశారు కూడా.

పన్నెండు కావస్తోంది. బల్ల చివర కవరు. కింద రోడ్డు మీద మంచు తోసే బండి పలక నేలను గీరుతూ పోతోంది.

కాగితాలు చదును చేసే సన్నటి ఎముక చెక్కను అందుకుంది. మూల కొద్దిగా పైకి లేచి ఉంది. దాని కింద చెక్కను వెంట్రుకవాసి దూర్చింది. ఊపిరి బిగబట్టి కొద్దికొద్దిగా జరిపింది. ఎండిన జిగురు చిన్న చప్పుడుతో విడింది. అమృత ఇటు తిరిగిందేమోనని ఓరకంట చూసింది. తిరగలేదు. ఇంకొంచెం. చిరగకూడదు, చిరిగితే ఆ పాపం తనదే. నుదుటి చెమట పుట మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది. చివరి అంగుళం దగ్గర కాగితం తనే లొంగిపోయినట్టు తెరుచుకుంది.

సన్నటి అక్షరాలు. 'పై ఓడతో పోయిన లాస్కర్లు. ప్రాణాలతో ఒడ్డు చేరిన సరంగు చెప్పగా రాసినది.' సరంగు అంటే ఆ ఓడపనివాళ్ళ పెద్ద. కింద పేర్లు. పోలయ్య. అప్పన్న. మస్తాను. ఇంకో అప్పన్న. రాసినవాడికి నోరు తిరగక వంకరలు పోయిన పేర్లు. సరోజన పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఇరవై ఆరు. సరిపోయింది.

ఆ కింద, వేరే సిరాతో, తర్వాతెప్పుడో గుర్తొచ్చి చేర్చినట్టు మరో వరస ఉంది.

'ఇంకొకడు. వంటవాడు. బయలుదేరే రోజున ఎక్కినవాడు. పేరు సరంగుకు తెలియదు, ఏ లిస్టులోనూ లేదు. ఇతడూ పోయాడు.'

ఆమె ఆ వాక్యాన్ని రెండోసారి చదవలేదు. అక్కర్లేకపోయింది. అరికాళ్ళ కింద నేల కొద్దిగా వాలినట్టనిపించి, బల్ల అంచు పట్టుకుంది.

మడత మూసేయవచ్చు. మూసేస్తే ఎవరికీ తెలియదు. పుట తిప్పి, ఒంటిగంటకు రిజిస్టరు అప్పగించి, సాయంత్రం ఫారం మీద భర్త పేరు రాయవచ్చు. ఎప్పటిలాగే.

ఎడమకాలు నొక్కింది. మడత తెరిచిన పుట మీదికి గాజు దిగింది. కుడికాలు నొక్కింది.

పన్నెండు యాభైకి ఆఖరి పుట అయింది. స్క్రీన్ మీద ఎర్ర గీత వచ్చింది: పుటలు 386, బొమ్మలు 387. అనంత్ పరుగున వచ్చాడు. బొమ్మలు వెనక్కి జరిపి, ఆ మడత దగ్గర ఆగాడు.

"ఇది మీరు లేపారా?"

"నేనే లేపానండి. చిరగలేదు."

"చిరగకపోవడం కాదు ఆంటీ..." గొంతు తగ్గించాడు. "సరే. ఎవరూ చూడలేదు. ఈ ఇమేజ్ డిలీట్ చేసేస్తా. మడత మూసేయండి. కౌంట్ మ్యాచ్ అవుతుంది, అయిపోయింది."

"తీసేయకండి."

"ఎక్స్‌ట్రా ఇమేజ్ ఉండాలంటే ఎక్సెప్షన్ షీట్ రాయాలి. అందులో ఎవరు లేపారో రాయాలి. రాశారంటే ఇవాళే పంపించేస్తారు మిమ్మల్ని. నేను ఆపలేను. నాకే మాటొస్తుంది." వాచీ చూసుకున్నాడు. "ఆరేళ్ళు ఎదురుచూశారు ఈ పర్మనెంట్ కోసం. ఎవడో వంటవాడు ఆంటీ. రెండొందల ఏళ్ళ కింద చచ్చిపోయినవాడు!"

సరోజన స్క్రీన్ మీది ఆ ఆఖరి వరస వైపు చూసింది.

"అది రాసినాయనకి ఆడెవడో తెలవదు, బాబూ. పేరు కూడా తెలవదు. అయినా రాశాడు," అంది మెల్లగా. "లిస్టులో లేనోడు పోలేదనుకున్నానండి నేను, ఇన్నాళ్ళూ."

అనంత్‌కు అర్థం కాలేదు. కింద ట్రక్కు రివర్స్ అవుతున్న బీప్ బీప్ వినిపించింది. ఆమె చేయి చాపింది. అతను షీటు ఇచ్చాడు. పుట 312, అతికించిన మడత, లోపల ఇరవై ఏడుగురు. లేపినది: సరోజన. నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం చేసింది. అనంత్ దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించగానే ఎర్ర గీత పచ్చబడింది.

మనుషులు వచ్చి రిజిస్టరును పెట్టెలో పెట్టి, సీలు వేసి తీసుకుపోయారు. అనంత్ పైవాళ్ళతో ఫోన్‌లో పావుగంట మాట్లాడాడు. తిరిగొచ్చి, ఆమె వైపు చూడకుండా, బల్ల చివరి కవరు తీసుకున్నాడు. "ఇది నా దగ్గర ఉంచుతా ఆంటీ. బ్యాడ్జ్ కూడా..." అన్నాడు.

"ఫర్వాలేదండి. మీరు తిన్నారా?" అంది సరోజన.

అమృత ఏడుపు మొహంతో వెంట వచ్చింది. "గిదేం అన్యాయం ఆంటీ? అంకుల్‌కి చెప్పుండ్రి. ఎవరితోనన్నా మాట్లాడిస్తడేమో."

సరోజన లాకరులోంచి గాజులు తీసుకుంటోంది. వాటిని తొడుక్కోలేదు, రుమాలులో చుట్టింది.

"అంకుల్ పోయారమ్మా."

"ఏంది? ఎప్పుడు?"

"చాలా ఏళ్ళయింది. ఈ వేళే తెలిసింది."

సరోజన ఆ పిల్ల చెంప నిమిరి, బూట్లు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బెంచీ మీద కూర్చుని మేజోళ్ళు విప్పింది. మెట్టెలు కదలలేదు. వేళ్ళు వాటి చుట్టూ పెరిగిపోయాయి. సింకు దగ్గరి సబ్బు నురగ చేసి పట్టించి, తిప్పుతూ తిప్పుతూ లాగింది. కుడికాలిది త్వరగానే వచ్చింది. ఎడమకాలిది వచ్చేసరికి చర్మం గీరుకుంది. రెండు వేళ్ళకూ తెల్లటి వలయాలు మిగిలాయి. ఎన్నడూ ఎండ చూడని చర్మం.

ఆమె చివరిసారి బల్ల దగ్గరికి వచ్చి గాజుపలకను రెండు వైపులా తుడిచింది, ఎముక చెక్కను దాని చోట పెట్టింది. మఫ్లరు చుట్టుకుని మెట్లు దిగింది. సబ్‌వే వైపు పది అడుగులు నడిచేసరికి మంచు ఆమెను కప్పేసింది.

పైన, మూతపడని రేకుడబ్బాలో, తుప్పు పట్టిన గుండుసూదుల మధ్య రెండు వెండి మెట్టెలు ఇంకా సబ్బు తడితో మెరుస్తున్నాయి.