ఆరోగ్యవంతుల వరస

పొద్దున్నే ఆమె ఒకే కూర రెండు గిన్నెల్లో వండింది. నూనె లేకుండా భర్తకి, నూనె తేలేలా అత్తగారికి. మిగిలిన రెండూ కలిపి తన డబ్బాలో సర్దుకుంటుంటే ఎడమ భుజం మళ్ళీ లాగింది. నొప్పి దవడ దాకా పాకింది.

"గ్యాస్ అయ్యుంటుంది, కాసిని వేడినీళ్ళు తాగు," అన్నాడు భర్త పేపరు దించకుండా. రెండేళ్ళ కిందట ఆయన గుండెకి స్టెంటు వేశారు. అప్పట్నించీ ఇల్లంతా ఆయన కొలెస్ట్రాల్ చుట్టూనే తిరుగుతోంది.

"నాకీ వయసులో నొప్పి లేని చోటేది? నేనేమన్నా మంచమెక్కానా?" అంది అత్తగారు.

ఆసుపత్రి రెండో అంతస్తులోని పరిశోధన ల్యాబులో ఆమె టెక్నీషియన్. లిఫ్టు రోగులకు మాత్రమేనని బోర్డుంది. మూడు వారాలుగా మెట్ల మలుపులో, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, ఊపిరి తీసుకుంటోంది.

ల్యాబులో వాళ్ళు వెతికేది మైక్రో ఆర్‌ఎన్‌ఏల కోసం. రక్తంలో తిరిగే అతి చిన్న తునకలవి. వాటిలో ఒకటి, కణంలోంచి కొలెస్ట్రాల్ బయటికి పోయే దారి మూసేస్తుంది. అది పెరిగితే కొవ్వు లోపలే పేరుకుంటుంది. గుండెజబ్బు వాళ్ళ రక్తాన్ని ఆరోగ్యవంతుల రక్తంతో పోల్చి చూడాలి. "నీకేమ్మా, గుండ్రాయిలా ఉన్నావు," అని నాలుగేళ్ళ కిందట ప్రొఫెసరు ఆమె చెయ్యే చాపించాడు. అప్పట్నించీ ఆరునెలలకోసారి ఆమె రక్తపు గొట్టం ఆరోగ్యవంతుల వరసలో నిలబడుతోంది.

ఈసారి ఆ తునక రోగుల్లో కంటే ఆమెలోనే ఎక్కువుంది. కొలెస్ట్రాలూ అంతే. మూడుసార్లు పరీక్ష నడిపింది, మూడుసార్లూ అదే. పాత గ్రాఫులు తీసింది. నాలుగేళ్ళుగా తన చుక్క మెట్టు మెట్టుగా పైకెక్కుతూనే ఉంది. ఎవరూ చూడలేదు. ఎవర్నని ఏం లాభం, ఆ చుక్కలు పెట్టిన చెయ్యి తనదే. చచ్చిపోతానేమో అనిపించింది. వెంటనే, సాయంత్రం ఆయన మాత్రలు ఎవరు తీసిస్తారు అనిపించింది. మొదటి ఆలోచన కన్నా ఈ రెండో ఆలోచనకే ఒళ్ళు చల్లబడింది.

"ఈ ఒక్క చుక్కా గ్రాఫంతా పాడుచేస్తోందమ్మా, తీసెయ్," అన్నాడు ప్రొఫెసరు.

"అది నాదే సార్."

"మరీ మంచిది, అనుమతులక్కర్లేదు. రేపు పరగడుపున రా, ఇంకోటి తీద్దాం."

పదకొండింటి దాకా తను రోజూ పరగడుపే. తన గొట్టం తీసి రోగుల వరస చివర పెట్టి, నమోదు పుస్తకంలో వయసూ, నొప్పి మొదలైన తేదీ రాసింది. కోటు జేబులో ఫోను మోగింది. భర్త. మోగనిచ్చింది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల స్టూలు మీద లిఫ్టు నడిపే ముసలాయన.

"ఇది పేషెంట్లకేనమ్మా. పెద్దసారు చూస్తే నా పనైపోతుంది."

"పేషెంట్‌నే, బాబాయ్. నాలుగో అంతస్తు. గుండె విభాగం."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. లేచి, స్టూలు ఆమె వైపు జరిపాడు.