యోహాన్ మాస్టారి ఖాళీ కాగితాలు

వీధి మొదట్లో కారు దిగగానే యోహాన్ మాస్టారికి ఏదో తేడా కొట్టింది. పాతికేళ్లు ఈ పాతపట్నం బడికి హెడ్మాస్టరుగా చేసి, రెండేళ్ల కిందట ఎంపీ అయిన మనిషి. ఆయనొస్తే అరుగుల మీదవాళ్లు లేచి నిలబడేవారు. ఇవాళ ఒక్కరూ లేవలేదు. మూలకొట్టు కరీం బాషా అయితే మొహం తిప్పుకుని షట్టరు సగం దించేశాడు. బడి గోడ మీదా, పక్కనున్న నలభై ఇళ్ల మీదా ఎర్రరంగు అంకెలు. బడిది ఒకటో నంబరు.

"రోడ్డు కోసం కొట్టేత్తారంట సార్," అంది నసీమా. ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు అదే బడిలో పంతులమ్మ. "ఈళ్లు ఏటేటో అనుకుంటన్నారు గానీ, మీరొచ్చి ఆపుతారని నాను సూత్తన్నాను."

"ఎవడమ్మా కొట్టేది? నాను బతికుండగా ఒక్క ఇటుక కదల్దు!"

అంకెలు వేయిస్తున్న సర్వేయరు తాతబాబు ముందుకొచ్చాడు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. ఈ స్థలం వెంటనే ఖాళీ చేయించాలని ఎంపీగారి సిఫారసు. కింద సంతకం ఆయనదే.

అదెలా వచ్చిందో మాస్టారికి వెంటనే తెలిసిపోయింది. మంచితనం ముదిరితే ఇంతే మరి! బళ్లో ఉండగా, పిల్లలు తన చుట్టూ తిరగకూడదని, వేసవి సెలవులకు ముందే ఖాళీ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టి గుమస్తాకి ఇచ్చేవారు. ఢిల్లీ వెళ్లేటప్పుడూ అదే పని చేశారు. ఆసుపత్రి ఉత్తరాల కోసం వచ్చే పేదలు తిప్పలు పడకూడదని, యాభై లెటర్‌హెడ్ల మీద సంతకం చేసి, పార్టీ పెట్టిన పీఏ నాగవంశీకి అప్పజెప్పారు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నారు.

పక్కకెళ్లి ఫోన్ చేశారు. "ఏటిరా ఇది? దొంగ సంతకమని అందరికీ సెప్పేత్తాను!"

"సెప్పండి సార్." నాగవంశీ గొంతులో తడబాటే లేదు. "ఇంకా ముప్పై ఒకటి నా దగ్గరున్నాయి. వాటి మీద ఏటి రాయాలో పార్టీ పెద్దలింకా అనుకోలేదు."

మాస్టారు వెనక్కి తిరిగేసరికి జనం మూగి ఉన్నారు. నసీమా ఆయన చేతిలోని కాగితం తీసుకుంది. ఎక్కడా తడుముకోకుండా, పైకి మొత్తం చదివింది.

"ఈ సంతకం మీరెట్టింది కాదని ఒక్క మాట అనండి సార్. సాలు."

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. అబద్ధమాడిన పిల్లల్ని ఏనాడూ ఊరుకోని మనిషి, ఎలా ఆడతారు?

"సంతకం నాదేనమ్మా. రాసింది మాత్రం..."

మిగతా మాట ఎవరూ వినలేదు. నసీమా కాగితం మడిచి ఆయనకిచ్చింది.

"పిల్లల్ని ఇళ్లకి పంపేత్తాను సార్," అంది. "పుస్తకాలు సర్దుకోవాల కదా."