నడిమి రీళ్లు

హలో... వినపడతాందా? బాగుండారా అందరూ? అన్నాలు తిన్యారా?

మొన్న మన గ్రూపులో ఒక పిల్లోడు అడిగినాడు కదా, ఇద్దరు మగోళ్లు ఒకరంటే ఒకరు ఇష్టపడే సినిమాలు, పైకి చెప్పకపోయినా లోపల ఆ మాట ఉండే సినిమాలు, మీకు బాగా నచ్చింది ఏదని. అందరూ గబగబా పేర్లు పెట్టినారు. నేను పెట్టలేదు. నాకు నచ్చిన సినిమా నేను చూడలేదప్పా. దాని పేరు మా అవ్వకే గుర్తు లేదు, ఇంక నాకేం తెలుస్తాది. దాన్ని పానంగా చూసుకున్న మా తాత కూడా నిండుగా చూసింది ఒక్కసారే. చూసి తిట్టుకుంటా బయటికొచ్చినాడు. ఆ దినం సంగతి చెప్తా. పెద్దగా చదువుకున్నోణ్ణి కాదు, తప్పులుంటే సర్దుకోండి.

మా తాత గిడ్డయ్య ఆదోనిలో జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోస్తాండె. పొట్టి మనిషి, గట్టి మనిషి. మెడ మాత్రం ఒక పక్కకి రొంత వంగింటాది. కనుబొమ్మల్లో, చెవుల్లో, మీసంలో యాడ చూసినా దూదే. "పెండ్లినాడు మీసం తెల్లగుంటే ముసిలోణ్ణి కట్టినారని ఏడిస్తి, మొగం కడిగినంక గాని తెలీలేదు పిల్లోడని" అనేది మా అవ్వ హనుమక్క.

ఆ పొద్దు కూడా తాత వీపు మీద బోరెం ఉంది. బోరెం మోస్తానే గొణుగుతాండాడు. ఆయన గొణగని దినం లేదు. మిల్లు మీద, మేస్త్రీ మీద, బస్సు కండక్టరు మీద, అందరికన్నా ఎక్కువ సినిమా డబ్బా మీద.

డబ్బా ఆయన రెండో పని. అప్పుడు ఆదోని టాకీసుకి, ఎమ్మిగనూరు టెంటుకి కలిపి ఒకే ప్రింటు. ఆదోనిలో మధ్యాన్నం ఆట అయిపోతానే రీళ్లన్నీ ఇనప డబ్బాలో సర్ది, దాన్ని నెత్తిన పెట్టుకోని బస్సెక్కి, పొద్దుగూకే లోపల ఎమ్మిగనూరులో దించల్ల. టెంటులో ఆట మొదలైనంక ఆఖరి బస్సుకి ఇంటికి రావల్ల. డబ్బాని టెంటోళ్లే మర్నాడు పొద్దున ఫస్టు బస్సుకి ఎక్కించి పంపుతారు.

ఇందులో ఒక పీకులాట ఉంది. మిల్లు కూత కూసి తాత టాకీసు కాడికి పోయేసరికి సినిమా ఆఖరికి వచ్చింటాది. అంటే ఆదోనిలో ఆయన చూసేది చివర. ఎమ్మిగనూరులో రొంతసేపు చూసినాడో లేదో ఆఖరి బస్సు హారను కొడ్తాది. అంటే ఆడ చూసేది మొదలు. ముందు చివర, ఆ పైన మొదలు. ఏ సినిమాకీ నడిమి రీళ్లు చూసిన పాపాన పోలేదు. పత్తి సీజనులో మిల్లుకి సెలవు ఉండదు.

వేరే సినిమాలైతే ఆయనకి పట్టేది కాదు. ఆ ఏడు వచ్చింది మాత్రం పట్టుకున్యాది. రాజుల కత. మొదట్లో రాజకొడుకు గుర్రం మీంచి పడితే, గుర్రాల కాపరి పరిగెత్తుకోనొచ్చి రెండు చేతులతో ఎత్తుకుంటాడు. ఎత్తుకున్యోడు వెంటనే దించడు. అట్లే మొగంలోకి చూస్తాంటాడు. చివర్లో రాజకొడుకు మీదికి వచ్చే బల్లేనికి ఆ కాపరి ఎదురొచ్చి పడిపోతాడు. రాజకొడుకు వాని తలకాయ ఒళ్లో పెట్టుకోని, వాని ఎదమీద మొగం ఆనించి లేవడు. హీరోయిను పూలమాల పట్టుకోని పక్కన గుంజ మాదిరి నిలబడింటాది, పాపం ఆయమ్మకి పనే ఉండదు. ఆడోళ్లు ముక్కులు చీదుతారు. తాత డబ్బా మూత పట్టుకోని గోడకి ఆనుకోని, రోజూ మొదటిసారి చూసినట్ల చూస్తాడు.

"ఒక దినం మిల్లు ఎగ్గొట్టి నిండుగా చూసి రాకూడదా? నా పానం తింటావు" అని అవ్వ కసిరేది.

"నాకేం కర్మ. నడిమిది గోవిందన్న సెప్తాడు" అనేవాడు తాత.

గోవిందన్నది ఎమ్మిగనూరు. పగలు మగ్గం నేస్తాడు, పొద్దుగూకితే టెంటు గేటు కాడ టిక్కెట్లు చించుతాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, వేళ్లకి ఎప్పుడూ రంగు. పెండ్లి చేసుకోలేదు, అక్క ఇంట్లో ఉంటాండె. తాత బస్సు దిగుతానే డబ్బాకి చెయ్యేసేది ఆయనే. తాత మొదలు చూసినంక ఇద్దరూ బస్సు కాడికి నడిచిపోయి, అంగడి బండ మీద కూకుంటారు. డ్రైవరు టీ తాగేదాకా గోవిందన్న నడిమి కత చెప్తాడు. చెప్తా చెప్తా తాత మెడ పట్టి నొక్కుతాంటాడు.

ఆయన చెప్పే కతలో రాజు ఇద్దరినీ ఊర్లోంచి ఎళ్లగొడ్తాడు. ఇద్దరూ అడివిలో గుడిసె ఏసుకుంటారు. రాజకొడుకుకి రొట్టె తట్టేది రాదు, కాపరి నేర్పిస్తాడు. రాజకొడుకు కట్టెలు మోసి మోసి మెడ పట్టేస్తే, కాపరి నూనె కాచి రుద్దుతాడు.

"నిన్న ఆముదం అన్యావు, ఈ పొద్దు నువ్వుల నూనె అంటాండావు. ఒకమాట మీద ఉండప్పా" అని తాత విసుక్కుంటాడు.

"రెండు దినాలు రుద్దినాడులే."

"ఇన్ని రీళ్లూ రొట్టెలే కాల్చుకుంటా ఉన్యారా? యుద్ధం గిద్దం లేదా?"

"కడుపు నిండినంక యుద్ధం ఏటికప్పా?"

ఒకసారి గోవిందన్న నోరు జారినాడు. పొద్దుగూకితే రాజకొడుకు ఆఖరి బస్సుకి పోవల్ల, అందుకే కాపరి దిగులుగా ఉంటాడన్యాడు. "రాజుల కాలంలో బస్సు యాడిదిరా తిక్కోడా!" అని తాత బండ మీంచి కిందపడేటట్ల నవ్వినాడంట. "ఎద్దులబండిలే, గమ్మునుండు" అన్యాడంట గోవిందన్న.

సరే, ఆ దినానికి వస్తా. మధ్యాన్నం కాకముందే మిల్లులో బేళ్లు బిగించే ప్రెస్సు ఇరిగిపోయింది. "పోండి, పోండి, బళ్లారి నుంచి రిపేరు చేసేటోడు వచ్చేదాకా పని లేదు" అని మేస్త్రీ అందరినీ తోలేసినాడు. కూలి పాయె అని తాత మేస్త్రీనీ, ప్రెస్సునీ, బళ్లారినీ కలిపి తిట్టి, బాయి కాడ తల తడుపుకోని, ఏం తోచక టాకీసు కాడికి పోయినాడు. గేటు కాడ టిక్కెట్లు చించే పౌలు ఆశ్చర్యపోయినాడు.

"ఏం గిడ్డన్నా, పొద్దు పడమట పొడిసిందా? రా రా, ఆట ఇప్పుడే మొదలైతాంది. ఈ పొద్దుతో సరి, రేపు డబ్బా బళ్లారికి పోతాది. పోయి కూకో."

"నాకొద్దులే."

"వద్దా! ఊరికే సూడమంటే వద్దంటావేమి? నువ్వు సూడని సినిమాని నెత్తిన మోసేకి నీకేమన్నా మొక్కు ఉందా?"

పౌలు భుజం పట్టి లోపలికి తోసినాడు. తాత నేల మీద కూకున్యాడు. పడిపోయేది వచ్చింది, ఎత్తుకునేది వచ్చింది. ఆ పైన ఆయన ఎప్పుడూ చూడనిది మొదలైంది.

గుడిసె రాలేదు.

రాజకొడుకు కాపరికి ఒక సంచి వరహాలిచ్చి, ఏనుగుల పని చూసుకోమని వేరే ఊరికి పంపించేసినాడు. అంతే. వాడు మళ్లా కనపళ్లేదు. రాజకొడుకు తోటలో పాట పాడినాడు, హీరోయిను పాడింది, ఇద్దరూ కలిసి పాడినారు. ఇద్దరు హాస్యగాళ్లు పిండి బస్తాలో పడినారు. లేచినారు. మళ్లా పడినారు. రొట్టె లేదు, నూనె లేదు, కట్టెలు లేవు. చివర్లో బల్లెం వచ్చేటప్పుడు కాపరి యాడనుంచో ఊడిపడినాడు.

తాతకి ఒళ్లు మండింది. ఇన్నినాళ్లూ నోరు తెరుచుకోని విన్యా కదా, నన్ను ఎంత ఎడ్డోణ్ణి చేసినాడు వీడు! రీళ్లు సర్దేటప్పుడు మూత ఎంత గట్టిగా ఏసినాడంటే లోపల్నించి ఆపరేటరు కేకేసినాడు. బస్సు కాడ కండక్టరు కృపానందం రోజూ మాదిరే మొదలుపెట్టినాడు.

"నిప్పు పట్టే రీళ్లు లోపలికి తేవద్దని ఎన్నిసార్లు సెప్పల్ల? పైకెక్కు, నువ్వు కూడా దాంతోనే కూకో. అంటుకుంటే ఇద్దరూ కలిసి పోండి."

"పోతాంలేప్పా, నీకు పీడ వదుల్తాది."

టాపు మీద డబ్బా పక్కన కూకోని తాత దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్యాడు. దిగుతానే అడగల్ల. యాడిదిరా గుడిసె? యాడిదిరా నూనె? బస్సు గుంతలో ఎగిరి పడింది. మెడ కలుక్కుమన్యాది. చెయ్యి తనంతట తానే మెడ మీదికి పోయింది. గోవిందన్న రోజూ పట్టి నొక్కే చోటికే పోయింది.

అప్పుడు తగిలింది ఆయనకి. నూనె రుద్దేది ఎవరి మెడకి? గోవిందన్న అక్క చేత కాల్పించి గుడ్డలో కట్టి తెచ్చే జొన్నరొట్టె ఎవరికి? ఆఖరి బస్సుకి పోయేది ఎవరు? తాత కూడబెట్టుకున్న తిట్లన్నీ ఆ దారి దుమ్ములోనే పడిపోయినాయి. ఇంకొక భయం పట్టుకున్యాది. నేను చూసినానని తెలిస్తే వాడు ఇంక ఒక్క మాట చెప్పడు. ఈ పొద్దు ఆఖరు.

ఎమ్మిగనూరులో గోవిందన్న ఎప్పటి మాదిరే డబ్బాకి చెయ్యేసినాడు. తాత మొగం చూసి ఆగిపోయినాడు. టెంటులో మొదటి రీళ్లు ఇద్దరూ పక్కపక్కన ఇసకలో కూకోని చూసినారు. బస్సు కాడ బండ మీద కూకున్యాక గోవిందన్నే అడిగినాడు.

"మీసంలో దూది లేదే. మిల్లుకి పోలేదా?"

"ప్రెస్సు ఇరిగింది."

"మధ్యాన్నం ఆటకి పోయింటావు." గోవిందన్న చేతులు ఒళ్లోనే ఉండాయి, మెడ మీదికి రాలేదు. "నడిమిది చూసింటావు."

తాత అంగడి దీపం పక్కకి చూసినాడు.

"యాడ చూసేది? కూకుంటానే నిద్ర పట్టింది. లేస్తే బల్లెం వస్తాంది. పౌలు గాడు కూడా లేపలేదు, దొంగనాయాలు. నువ్వే సెప్పు, బస్సు పోతాది. రొట్టెల కాడ ఆపినావు."

గోవిందన్న చెయ్యెత్తి తాత మెడ మీద పెట్టినాడు.

"ఈ పొద్దు కాపరి, నేను దూరం పోతాండానని చెప్తాడు రాజకొడుకుతో."

"ఆ రీలు నిన్నటిదాకా లేదే?"

"ఆఖరు దినం కదా. ఈ పొద్దే ఏసినారు."

"యాడికి పోతాడంట?"

"షోలాపూరు."

"రాజుల కాలంలో షోలాపూరు ఉండెనా?"

"ఉండె. మిల్లులుండె. ఈడ నూలు దొరకడంలేదని వాళ్ల అక్క, బావ కుటుంబమంతా కదిలిపోతాంది. వీడొక్కడు ఉంటానంటే ఏటికని అడుగుతారు కదా. ఏం సెప్తాడు?"

"ఎప్పుడు పోయేది?"

"రేపు పొద్దున డబ్బా బస్సెక్కిచ్చినంక."

"మరి రాజకొడుకు ఏమన్యాడు?"

"ఏమీ అనలేదప్పా. ఊరికే మెడ పట్టిచ్చుకుంటా కూకున్యాడు."

బస్సు హారను మోగింది. రోజూ పిలిస్తే గాని టీ గ్లాసు దించని డ్రైవరుకి ఆ పొద్దే తొందర. "గిడ్డయ్యా, వస్తావా, నీకు పల్లకి తేవల్లనా?" అని కృపానందం అరిచినాడు.

"వస్తాండా, సావు!" అని తాత కూడా అరిచినాడు. లేచి నాలుగు అడుగులేసి మళ్లా తిరుక్కున్యాడు.

"గోవిందన్నా, పోయినోడు చివర్లో వస్తాడు. నేను రోజూ చూస్తాండా కదా."

"సచ్చేకి వస్తాడు."

"వస్తాడు కదా."

గోవిందన్న నవ్వినాడో లేదో తాతకి తెలీలేదు. బస్సు దుమ్ము లేపేసింది.

మర్నాడు కూడా ప్రెస్సు బాగుకాలేదు. డబ్బాని రైలుకి చేర్చే పని తాతదే. ఫస్టు బస్సు కాడ నిలబడినాడు. కృపానందం టాపు మీంచి డబ్బా దించుతా సణుగుతాండాడు. "దీని మీద ఇదొకటి కట్టినాడు మీ వాడు. ముడి ఊడదీసేకి నా గోర్లు పోయినాయి."

డబ్బా మీద కొత్త సుట్టకుదురు, నెత్తిన బరువు కింద పెట్టుకునే గుండ్రం సుట్ట. మగ్గం కాడ మిగిలే దారపు పోగులన్నీ కలిపి అల్లింది. ఎర్రవి, పచ్చవి, నల్లవి. గోవిందన్న వేళ్లకి ఉండే రంగులన్నీ ఉండాయి. తాత దాన్ని నెత్తిన పెట్టుకోని, పైన డబ్బా ఎత్తుకోని, టేషనుకి నడిచిపోయినాడు. మెడ నొయ్యలేదని ఇంటికొచ్చి అవ్వతో చెప్పినాడంట, అది కూడా కోపంగానే.

గోవిందన్న మళ్లా రాలేదు. తాత ఇంకా శానా సినిమాలు మోసినాడు, ఏ సినిమాకీ నడిమిది ఏమని ఎవర్నీ అడగలేదు. నేను చిన్నప్పుడే పోయినాడు. ఇదంతా మా అవ్వ చెప్పింది. "నాకు చెప్పకుండా ఉండలేదురా మీ తాత. ఆ మనిషికి నేను గాక ఇంకెవరుండారు చెప్పుకునేకి?" అని విసుక్కుంటా కండ్లు తుడుచుకునేది.

నచ్చితే మీవాళ్లకి కూడా పంపండప్పా. షోలాపూరు పక్క మన మగ్గాలోళ్లు ఎవరైనా తెలిసింటే వాళ్లకి మర్చిపోకుండా పంపండి, గోవిందన్న తరపోళ్లు ఎవరన్నా వింటారేమో. సుట్టకుదురు మా ఇంట్లోనే ఉంది, వంటింట్లో గూటి మీద. రంగులు పోయినాయి, అల్లిక ఒక్క పోగు కూడా వదల్లేదు, నడిమి మాత్రం ఖాళీ.