పది లక్షల మూడో విస్తరి

భ్రమరాంబ డెబ్బయ్యో పుట్టినరోజు భోజనానికి ఆమెతో కలిపి పది లక్షల మూడు మంది అయ్యారు. అమలాపురంలో ఆమె ఇంటి వసారా, వచ్చినవాళ్ళకు తగ్గట్టు, పొద్దుటి నుంచి పొడవవుతూనే ఉంది.

అందరికన్నా చివర వచ్చింది చెల్లెలు ఛాయమ్మ. పదకొండేళ్ళ క్రితం తల్లి సంవత్సరీకాలకు ఆలస్యంగా వస్తే, పంక్తి నిండిపోయిందని భ్రమరాంబే ఆమెను గుమ్మంలోంచి పంపేసింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అందుకే ఛాయమ్మ ఈసారి తన విస్తరి తనే చంకన పెట్టుకుని వచ్చింది.

వంటపెద్ద చయనులు గరిటె కింద పెట్టేస్తాడు.

"వరుసలన్నీ సమానంగా ఉండాలండి. ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అయితే పంక్తిభేదం. నేను వడ్డించను."

భ్రమరాంబ ముప్పై ఏళ్ళు కళాశాలలో గణితం చెప్పింది. సమాన వరుసలు కుదురుతాయో లేదో తేలడానికి వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలునని ఆమెకు తెలుసు. ఆ నూట అరవై ఎనిమిదింటినీ పిలుస్తుంది. అవి పంచెలు ఎగగట్టుకుని వస్తాయి. వరుసకు ఏడుగురిని కూర్చోబెట్టిన ఏడు, నలుగురిని మిగుల్చుకుని తిరిగొస్తుంది. పదకొండూ, పదమూడూ నలుగురినే మిగులుస్తాయి. అన్నిటికన్నా పెద్దదైన తొమ్మిది వందల తొంభై ఏడు, పన్నెండుమందిని వెంటబెట్టుకొచ్చి తల దించుకుంటుంది.

"మన మొత్తమూ ప్రధాన సంఖ్యేనండి," అంటాడు చయనులు. "ఒక్కరు తగ్గితే ఆరు వరుసలు గీత గీసినట్టు వస్తాయి." అతని చూపు ఛాయమ్మ విస్తరి మీద ఉంది.

"లెక్క కుదరకపోతే చెప్పక్కా, వెళ్ళిపోతా. దారి తెలిసిందేగా," అంటుంది ఛాయమ్మ.

ఎవరిని తీసినా ఆరు వరుసలే వస్తాయి, తనను తీసినా సరే, అనుకుంటుంది భ్రమరాంబ. కనుక ఎక్కువైన మనిషంటూ ఎవరూ లేరు. ఈ సంఖ్యకు రెండే మార్గాలు: ఎవరి వరుస వారిది, లేదా అందరిదీ ఒకటే వరుస. మొదటిది ఎలా ఉంటుందో భ్రమరాంబకు తెలుసు. పదకొండేళ్ళుగా ఒంటరిగానే తింటోంది.

"ఒకటే వరుస వెయ్యండి."

"వసారా చాలదండి!"

"పొద్దుటి నుంచి చాలుతూనే ఉందిగా, చయనులు గారూ."

వసారా కాలువ దాటి, కొబ్బరితోటలు దాటి, సముద్రం మీదుగా సాగుతుంది. అంత దూరం సాగేది ఏదైనా భూమి గుండ్రదనానికి లోబడాలి. కాబట్టి మెల్లగా వంగి, పెరటివైపు నుంచి ఇంట్లోకే వస్తుంది. ఛాయమ్మ తెచ్చుకున్న పది లక్షల మూడో విస్తరి, మొదటిదైన భ్రమరాంబ విస్తరి పక్కన వాలుతుంది.

"పక్కన కూర్చోబెట్టడానికి ఇంత తిప్పాలా అక్కా?"

"లెక్క సరిచూసుకోవద్దుటే?" అంటూ భ్రమరాంబ తన గారె ఒకటి చెల్లెలి విస్తరిలో వేస్తుంది. చయనులు అటు చూడడు.

తృప్తిగా తిన్నవాళ్ళు విస్తరిని తమవైపుకు మడుస్తారు. అందరూ ఒకేసారి మడుస్తారు. దానితో సముద్రం కూడా నడిమి ఈనె వెంట, ఆకుపచ్చగా, మడతపడుతుంది. అవతలి తీరం వచ్చి ఇవతలి తీరం మీద వాలుతుంది. దాని మీదుగా ఇంకో ముప్పైమంది, ఎవరి విస్తరి వారు చంకన పెట్టుకుని, నడిచి వస్తున్నారు.

భ్రమరాంబ ముప్పై కలిపి చూస్తుంది. అదీ ప్రధాన సంఖ్యే. ఆమె చెల్లెలి వైపు జరిగి చోటిస్తుంది.