నీలం మందు కింద

నోటి అద్దాలను మరిగే నీళ్లలో వేసి చంద్రవ్వ స్టవ్ దగ్గరే నిలబడింది. బోధన్‌లో ఆ పళ్ల దవాఖాన తలుపు తీసేదీ ఆమే, మూసేదీ ఆమే. ఇరవై రెండేళ్లుగా పిల్లల దవడలు పట్టుకుని టార్చి వేయడమే ఆమె ఉద్యోగం. పిల్లాడు నోరు తెరిస్తే చాలు, పాలపూతో జ్వరప్పొక్కో ఇట్టే పోల్చుకుంటుంది. కానీ దవాఖాన ఆయాను అడిగేదెవరు? అడగరు కాబట్టి చెప్పదు.

పదకొండు గంటలకు మోస్రా నుంచి వినీత వచ్చింది, నాలుగేళ్ల కొడుకు భానును చంకనేసుకుని. వాడి పెదవులు, నాలుక, చిగుళ్లు అంతా నీలం.

"నోరు పూసిందవ్వా. పది దినాలాయె. నీలం మందు పెడుతనే ఉన్న, తగ్గుతలేదు."

పిల్లల నోరు పూస్తే అక్కడి తల్లులు ముందు చేసే పని అదే. వేలికి దూది చుట్టి నీలం మందు రాస్తారు. మంచి మందే, కాదనలేం. కాకపోతే దాని కింద ఏముందో డాక్టరుకైనా కనిపించదు.

డాక్టర్ రుచిత ఒకసారి చూసి, "నోటిపూతే, సిరప్ రాస్తాను" అని చీటీ అందుకుంది. బయట ఇంకా చాలామంది ఉన్నారు.

చంద్రవ్వ టార్చి ఆర్పలేదు. దూది ఉప్పునీళ్లలో ముంచి చిగుళ్లు తుడిచింది. మూడు దూదులు నీలమయ్యాయి, నాలుగోది ఎర్రగా వచ్చింది. చిగుళ్లు ఉబ్బి పళ్లను సగం కప్పేశాయి. కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. కాళ్ల నిండా సన్నటి ఎర్రచుక్కలు.

"మేడం, గిది పూత కాదు. జర మల్ల సూడుండ్రి. నెత్తురు పరీక్ష రాయుండ్రి."

రుచిత మొహం చిట్లించింది. తర్వాత వంగి, చాలాసేపు చూసింది.

మూడు గంటలకు రిపోర్టు వచ్చింది. రక్త క్యాన్సర్ కావచ్చని, ఇప్పుడే హైదరాబాద్ వెళ్లాలని రుచిత మెల్లగా చెప్పి, అంబులెన్సుకు ఫోన్ చేసింది. వినీత భానును ఒళ్లోకి లాక్కుంది. చంద్రవ్వ వైపు తిరిగింది.

"నీకెట్ల ఎర్కైంది అవ్వా?"

"నా కొడుకు శేఖర్‌కు గిట్లనే ఉండె. ఈడనే పని చేస్తున్న గదా, నాకు తెల్వదా అనుకున్న. నలభై దినాలు నేనే నీలం మందు పూసిన." చేతిలో అద్దం తుడుస్తూ, "పోయిండు" అంది.

పదిహేడేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

"నువ్వు పది దినాలకే వచ్చినవ్. పో బిడ్డా, ఆగకు."

"బతుకుతడా?"

"తెల్వదు బిడ్డా. పో."

అంబులెన్సు నిజామాబాద్ రోడ్డెక్కింది. మిగతా పిల్లలను చూడడం అయ్యేసరికి సాయంత్రమైంది. చంద్రవ్వ గది ఊడ్చి, వరండాలోకి వచ్చింది. వినీత భానుతో కూర్చున్న బల్ల మీద చెక్కు తీసిన చెరుకు ముక్క ఒకటి ఉండిపోయింది. దాని కొసన, కొరకబోయి వదిలేసిన రెండు చిన్న పళ్ల గాట్లు, వాటిలో ఆరిన నెత్తురు.