మూడో బెంచీ మీది కప్పు

సహస్ర మీద రాజకుమారి మేడంకు పీకల దాకా కోపముంది. తొమ్మిదో తరగతి పిల్ల, లెక్కల్లో మంచి మార్కులే తెచ్చుకుంటుంది. అయినా మూడో బెంచీలో ఆ మొహం కనబడితే చాలు, మేడంకు ఒళ్లు మండుతుంది. దానికి కారణం గోడకు బిగించిన తెర.

జూన్‌లో వచ్చింది ఆ మాయదారి తెర. గోదావరిఖని నుంచి కమాన్‌పూర్ పోయే రోడ్డు మీద ఇలాంటిది ఇంకే బడిలోనూ లేదని డైరెక్టర్ వేణుమాధవ్ ఫ్లెక్సీలు కట్టించాడు. పాఠాలు బొమ్మలై కదులుతాయి, ప్రశ్నలు ఆటలై వస్తాయి. అంతవరకు బాగానే ఉంది. కానీ దాని నెత్తిన ఒక కెమెరా కూడా ఉంది. తెర మీద ఓ మూలన క్లాసంతా కనబడుతుంది. బుద్ధిగా చూసే పిల్లల మొహం చుట్టూ పచ్చ గీత, చూపు తిప్పిన వాళ్ల మొహం చుట్టూ ఎర్ర గీత. ఎరుపు ఎక్కువైతే సాయంత్రానికి ఇంటికి మెసేజ్ పోతుంది. ఎర్ర గీతలు తగ్గకపోతే క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తానని వేణుమాధవ్ స్టాఫ్ మీటింగులో అందరి ముందూ రాజకుమారి మొహం మీదే అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి, నిన్నగాక మొన్న వచ్చిన కెమెరా ముందు తప్పు చేసినదానిలా నిలబడాల్సి వచ్చింది.

ఆ ఎర్ర గీతల్లో సగం సహస్రవే. క్లాసులోకి వస్తూనే తల పైకెత్తుతుంది. కూర్చునే ముందు ఎత్తుతుంది, కూర్చున్నాక ఎత్తుతుంది. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గలగలమన్నప్పుడైతే చెప్పనే అక్కర్లేదు, ఐదు నిమిషాలు కళ్లు పైనే. మేడం తిట్టింది, నిలబెట్టింది, చివరికి గడ్డం పట్టుకుని తెర వైపు తిప్పింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, పైన ఏం చూస్తున్నావని మేడం అడగలేదు. మరునాడు మళ్లీ అంతే. పొగరు, అనుకుంది రాజకుమారి.

మెసేజ్‌లు ఇరవై దాటాక పిల్ల తండ్రి కొమురెల్లి వచ్చాడు. భూగర్భ గనిలో పైకప్పుకు ఆసరాలు పెట్టే పని అతనిది. మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కనురెప్పల అంచున బొగ్గు ఇంకా వదల్లేదు. వస్తూనే కయ్యానికి దిగాడు. ఇంట్లో పుస్తకం వదలని పిల్ల బడిలో ఎందుకు వినదని, చెప్పడం చేతకాక పిల్ల మీద నెడుతున్నారని పిల్లలందరి ముందూ కడిగేశాడు. గొడవ విని వేణుమాధవ్ కూడా లోపలికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజకుమారికి తిక్క రేగింది.

"నీ బిడ్డనే అడుగన్నా," అంది. "పాఠమంతా పైకే చూస్తది. గక్కడ ఏమున్నదట?"

కొమురెల్లి కూతురి వైపు తిరిగాడు. పిల్ల తల వంచుకుని సన్నగా అంది. "నువ్వే చెప్పినవు గద బాపూ. ఏడ కూసున్నా ముందుగాల కప్పు చూడాలె అని. గా పగులు పెద్దగైతాంది."

కొమురెల్లి తలెత్తి చూశాడు. ఫ్యాను కొక్కెం దగ్గర మొదలై గోడ దాకా ఉంది పగులు. ఆ బెంచీ పిల్లల్ని లేపి వెనక్కి పంపాడు. మూలనున్న బూజుకర్ర అందుకుని పైకప్పును అక్కడక్కడా తట్టాడు. రెండు చోట్ల గట్టిగా పలికింది. సహస్ర కూర్చునే చోటికి పైన మాత్రం ఖాళీ డబ్బాను కొట్టినట్టు డొల్లగా మోగింది. గనిలో దిగే మనిషి మొట్టమొదట నేర్చుకునేది ఆ చప్పుడే. కర్ర మొనతో ఒక్క పోటు పొడిచాడు. పళ్లెమంత పెచ్చు ఊడి దబ్బున బెంచీ మీద పడింది. సహస్ర లెక్కల నోటుపుస్తకం దాని కింద నలిగిపోయింది.

రాజకుమారి తన చేతి వైపు చూసుకుంది. పిల్ల గడ్డం పట్టి తిప్పిన చెయ్యి తనకే రోతగా అనిపించింది. ఆ పగులు ఆమెకు తెలియనిది కాదు. పోయిన ఏడు చూసింది, సున్నం పగులేలే అనుకుంది. తెర వచ్చాక పైకి చూడడమే మానేసింది.

"నువ్వు పొడిస్తెనే పడ్డది," అన్నాడు వేణుమాధవ్. "రేపు సున్నం కొట్టిస్త. పిల్లలను కూసోబెట్టండి మేడం, పీరియడ్ ఇంక ఇరువై నిమిషాలున్నది."

"గా బెంచీల నువ్వు కూసో సార్," అన్నాడు కొమురెల్లి. "నేను ఇంకోసారి పొడుస్త."

వేణుమాధవ్ కదల్లేదు. రాజకుమారి పిల్లలను సంచులు తీసుకుని మైదానంలోకి నడవమంది. గడప దాటితే ఈ క్లాసు ఇక మీది కాదని వెనక నుంచి అరిచాడు వేణుమాధవ్.

"తీసుకోండ్రి సార్," అంది. "ముందుగాల మీరు గూడ బయటికి రండ్రి. మీ నెత్తి మీదున్నది గూడ గదే కప్పు."

బయట సహస్రను దగ్గరికి పిలిచి, తప్పు నాదేనమ్మా అంది. పిల్ల తండ్రి చెయ్యి వదల్లేదు.

లోపల తెర ఆపేవాళ్లు లేక ఖాళీ బెంచీలకే పాఠం చెప్పుకుంది. సాయంత్రానికి మీ పిల్లలు ఈరోజు పాఠం మీద దృష్టి పెట్టలేదని నలభై ఒక్క ఇళ్లకు మెసేజ్ పంపింది.

తెల్లారేసరికి తల్లిదండ్రులంతా గేటు దగ్గర మోహరించారు. రాజకుమారి వాళ్లతో వాదించలేదు. క్లాసు గుమ్మంలోనే ఆపి, తెర ఆన్ చేసి, పైకి చూడమంది. వాళ్లను ఆపబోయి క్లాసులోకొచ్చిన వేణుమాధవ్ పగులు కింద ఉన్నానని గుర్తొచ్చి గబుక్కున తలెత్తాడు. తెర మీద అందరి మొహాల చుట్టూ ఎర్ర గీతలే. అన్నిటికంటే ముందు పడ్డది వేణుమాధవ్ మొహం చుట్టూ.